సత్యాన్వేషిణి అనిబిసెంటు

పుట్టిన మతములో మనస్సు నిలువనప్పుడు మనిషి ఏ దారి పట్టాలి? ఈ ప్రశ్నకు జీవితమంతా సమాధానము వెదకిన మహిళ డాక్టర్ అనిబిసెంటు. హోంరూలు ఉద్యమ నాయకురాలిగా ఆమెను అందరము ఎరుగుదుము. ఆమె ఆధ్యాత్మికాన్వేషణను గూర్చి ఇక్కడ ముచ్చటించదలచినాము.

1847 అక్టోబరు 1న లండనులో జన్మించిన అనీ, 1867లో ఫ్రాంకు బిసెంటు అనే క్రైస్తవ మతాచార్యుని వివాహమాడారు. పసిబిడ్డ మేబెల్ కోరింత దగ్గుతో మృత్యుముఖములో ఉన్నప్పుడు, దయామయుడైన దేవుడు పాపమెరుగని శిశువును ఇంతగా బాధించుట ఏమన్న సందేహము ఆ తల్లిలో అంకురించింది. నమ్మనిదానిని నమ్మినట్లు నటించలేక ఆమె చర్చి సంస్కారములలో పాల్గొనుటకు నిరాకరించి, 1873లో భర్తను వీడారు. చార్లెస్ బ్రాడ్లాతో కలిసి నాస్తికవాదమును ప్రచారము చేశారు. సంతాన నియంత్రణను గూర్చిన పుస్తకమును ప్రచురించినందుకు 1877లో బోనెక్కారు. మరుసటి సంవత్సరము న్యాయస్థానము మేబెల్‌ను తల్లి నుండి వేరుచేసి తండ్రికి అప్పగించింది. స్వేచ్ఛగా ఆలోచించినందుకు ఆమె చెల్లించిన మూల్యమది.

1888లో లండను అగ్గిపెట్టెల కర్మాగారములోని ఆడపిల్లల సమ్మెకు ఆమె అండగా నిలిచారు. అయినా అంతరంగములో ఏదో వెలితి. ఆ దశలో మేడం బ్లావట్‌స్కీ రచించిన ‘గుప్త సిద్ధాంతము’ సమీక్ష కొరకు ఆమె చేతికి వచ్చింది. 1875లో న్యూయార్కులో బ్లావట్‌స్కీ, ఆల్కాటు ప్రభృతులు స్థాపించిన దివ్యజ్ఞాన సమాజము జాతి, మత, కుల, స్త్రీపురుష భేదములు లేని సౌభ్రాత్రమును, సర్వమతముల తులనాత్మక అధ్యయనమును, మానవునిలో దాగియున్న శక్తుల పరిశోధనను ఆశయములుగా పెట్టుకొన్నది. బ్లావట్‌స్కీ అద్భుతములు మోసములని 1885లో వెలువడిన ఒక నివేదికను చదివి కూడ, అనిబిసెంటు 1889లో ఆ సమాజములో చేరారు. నిన్నటి నాస్తికురాలు గుప్తవిద్యల వైపు మరలుట పాత మిత్రులను నివ్వెరపరచింది.

1893లో భారతదేశము చేరి, 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కళాశాలను స్థాపించారు. 1907లో సమాజాధ్యక్షులై మద్రాసులోని అడయారు నుండి దానిని నడిపారు. 1915లో మదనపల్లెలో వెలసిన కళాశాల నేటికీ ఆమె పేరు ధరించియున్నది.

ఆ మదనపల్లెలోనే 1895లో జన్మించిన తెలుగు బాలుడు జిడ్డు కృష్ణమూర్తి. ఆయన తండ్రి నారాయణయ్య అడయారులో సమాజపు కొలువులో ఉండేవారు. 1909లో లెడ్‌బీటరు అడయారు సముద్రతీరాన ఆ బాలుని చూచి, రాబోవు జగద్గురువునకు తగిన పాత్ర ఇతడేనని ప్రకటించారు. అనిబిసెంటు విశ్వసించి, 1911లో ఆ బాలుని అధిపతిగా చేసి ప్రాచ్య నక్షత్ర సంఘమును ఏర్పరచారు. తన కుమారులను తిరిగి ఇప్పించవలసినదిగా తండ్రి వ్యాజ్యము వేశారు. మద్రాసు హైకోర్టు తండ్రి పక్షమున, 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆమె పక్షమున తీర్పు చెప్పినవి. ఒకనాడు న్యాయస్థానములో బిడ్డను పోగొట్టుకొన్న తల్లియే, నేడు వేరొక తండ్రి బిడ్డల కొరకు న్యాయస్థానమున పోరాడినది! ఈ వైపరీత్యమును దాచుట మాకు న్యాయమనిపించదు.

1917లో నిర్బంధమును అనుభవించి, అదే సంవత్సరము కలకత్తా కాంగ్రెసుకు తొలి మహిళాధ్యక్షురాలైన ఆమెకు అసలు పరీక్ష 1929 ఆగస్టు 3న ఎదురైనది. హాలండులోని ఒమ్మెన్ శిబిరములో, ఆమె సమక్షముననే, కృష్ణమూర్తి ఆ సంఘమును రద్దుచేశారు. సత్యమునకు సంస్థలు, గురువులు మార్గము కాజాలవని ఆయన భావము. చర్చిని విడిచివచ్చిన ఆమె, తెలియకనే మరియొక పీఠమును నిర్మించినది. ఆమె పెంచిన బిడ్డయే దానిని విడిచినాడు. అయినా ఆయనపై ఆమె వాత్సల్యము తరుగలేదు. 1933 సెప్టెంబరు 20న అడయారులో కన్నుమూశారు.

అనిబిసెంటు విశ్వాసములన్నిటినీ మనము అంగీకరించనక్కరలేదు. గుప్తవిద్య ఆమెను కొన్నిచోట్ల పొరబాటుకు గురిచేసినదనియే మా అభిప్రాయము. అయితే నమ్మినదాని కొరకు సర్వమును వదులుకొనగల ధైర్యము, తన నమ్మకమును కాదన్నవానిని కూడ ప్రేమించగల హృదయము ఆమెవి. విద్యార్థి లోకము ఆమె నుండి గ్రహించవలసినవి ఈ రెండే.