ముష్టియోధుడు జాక్ డెంప్సీ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొలరాడో యను రాష్ట్రము కలదు. అందు మనాసా యను చిన్న గ్రామమున 1895వ సంవత్సరము జూన్ 24వ తేదీన ఒక పేద కుటుంబములో జాక్ డెంప్సీ జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు విలియం హారిసన్. జాక్ డెంప్సీ యనునది అంతకు పూర్వము ప్రసిద్ధికెక్కిన వేరొక ముష్టియోధుని పేరు. దానిని ఇతడు తరువాత తనదిగా చేసికొనెను. తండ్రి ఒకచోట నిలకడగ నుండెడివాడు కాడు. పని దొరకిన ఊరికెల్ల సంసారమును తరలించుచుండెను. అందుచే బాలుని చదువు ఎక్కువ సాగలేదు. పదునారేండ్లకే అతడు ఇల్లు విడిచి గనులలో కూలికి కుదిరెను.

గని పని యెట్టిదో గోదావరిఖని, రామగుండము పిల్లలకు వేరుగ చెప్పనక్కర లేదు. సింగరేణి గనులలో ఫిల్లర్లు తట్టలతో బొగ్గు నెత్తి టబ్బులు నింపిన కాలమును గూర్చి వారు ఇండ్లలో వినియే యుందురు. డెంప్సీ ఎక్కువగా పనిచేసినవి కొలరాడో, యూటా రాష్ట్రముల లోహపు గనులు. అయినను పేల్చిన రాతిని పారతో నెత్తి బండ్లలో పోయు చాకిరి అచటను ఉండెను. భుజములు అక్కడనే గట్టిపడెను. పని ముగిసిన పిదప అతడు సారా దుకాణములకు పోయి, పందెము కట్టి, తనకంటె పెద్దవారితో పిడిగుద్దుల పోరు సాగించెడివాడు. రైలు టిక్కెట్టుకు డబ్బులేక సరకుల బండ్ల అడుగున ఇనుప కడ్డీలను పట్టుకొని ఊరూరు తిరిగెను. దవడలు బలపడుటకు చెట్టు బంకను నమలెను; ముఖచర్మము మొద్దుబారుటకు ఉప్పునీటితో మొగము కడిగికొనెను.

1919 జూలై 4వ తేదీన టొలీడో నగరములో అతడు ప్రపంచ విజేతయైన జెస్ విల్లర్డు నెదిరించెను. విల్లర్డు ఎత్తు ఆరడుగుల ఆరంగుళములు, బరువు 111 కిలోలు. డెంప్సీ బరువు 85 కిలోలు మాత్రమే. చూడవచ్చిన వారిలో పలువురు ఈ చిన్నవానికి ప్రాణాపాయమే యని తలచిరి. గంట మ్రోగెను. మొదటి రౌండులోనే విల్లర్డు ఏడు పర్యాయములు నేల గూలెను. మూడు రౌండ్లు గడచిన పిమ్మట అతడు ఆసనము నుండి లేవలేదు.

డెంప్సీ బలమును లోకము వేనోళ్ల కొనియాడెను. కొనియాడవలసినదే. కాని విల్లర్డు వయస్సును కూడ చూడవలెను. నాటికి అతనికి 37 ఏండ్లు. మూడేండ్లుగా బిరుదు కొరకు పోరు చేసి యుండలేదు. డెంప్సీకి 24 ఏండ్లు. ఇంకను విచిత్రమేమన, 1915లో హవానా నగరమున విల్లర్డు చేతిలో ఓడిన నీగ్రో వీరుడు జాక్ జాన్సన్‌కు కూడ ఆనాడు 37 ఏండ్లే! వార్ధక్యము సమీపించిన వానిని జయించిన విల్లర్డే, నాలుగేండ్లలో తానును ఆ స్థితికి వచ్చెను.

తరువాతి విజయములు శీఘ్రముగ వచ్చెను. 1921లో ఫ్రాన్సు వీరుడు కార్పెంటియర్‌తో జరిగిన పోరున టిక్కెట్ల వలన వచ్చిన సొమ్ము మొదటిసారిగ పది లక్షల డాలర్లను దాటెను. 1923లో అర్జెంటీనా వాడైన ఫిర్పో ఇతనిని బరి వెలుపలికి పడగొట్టెను. అయినను రెండవ రౌండులో డెంప్సీయే గెలిచెను.

ఈ వైభవమునకు ఒక మచ్చ కలదు. ఆ దినములలో హారీ విల్స్ అను నీగ్రో యోధుడు బిరుదు పోటీకి అన్నివిధముల అర్హుడు. ఒప్పందపు కాగితముల మీద సంతకములు కూడ జరిగెను. కాని పోరు జరుగలేదు. 1910లో జాన్సన్ ఒక తెల్లవాని నోడించినపుడు దేశములో అల్లరులు చెలరేగి పలువురు మరణించిరి. నిర్వాహకులకు ఆ భయము పోలేదు. చర్మపు రంగు చూచి అవకాశము నిరాకరించుట అన్యాయమే. విల్స్ ఎదురు చూచుచుండగనే ఏండ్లు గడచెను. 1926లో, 37 ఏండ్ల వయస్సున, అతడు జాక్ షార్కీ యను యువకునితో పోరాడి ఓడెను. మరుసటి యేట అదే షార్కీని డెంప్సీ జయించెను. కావున విల్స్‌ను కూడ డెంప్సీ జయించి యుండునని కొందరు లెక్క వేయుదురు. అది లెక్క కాదు. 1922 నాటి విల్స్‌ను ఎదుర్కొనని డెంప్సీకి ఆ గెలుపును ఎవరును కట్టబెట్టజాలరు.

కాలము డెంప్సీని కూడ విడువలేదు. మూడేండ్లు బిరుదు పోరు లేక, సినిమాలలో నటించుచు, సుఖముగ నుండిన పిదప, 1926 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో జీన్ టన్నీతో తలపడెను. లక్షా ఇరువది వేల మంది ప్రేక్షకులు వానలో తడియుచు చూచిరి. టన్నీ తెలివిగల యోధుడు. పదిరౌండ్లు దెబ్బ తప్పించుకొనుచు, కొట్టుచు, బిరుదు గెలిచెను.

మరుసటి యేడు చికాగోలో మరల ఆ యిద్దరే. ఏడవ రౌండులో డెంప్సీ టన్నీని పడగొట్టెను. పడగొట్టినవాడు దూరపు మూలకు పోయిన గాని మధ్యవర్తి లెక్క మొదలిడరాదని నియమము. డెంప్సీ పాత అలవాటు చొప్పున పడినవాని దాపుననే నిలిచెను. అతడు మూలకు పోవునప్పటికి కొన్ని సెకండ్లు గడచెను. మధ్యవర్తి తొమ్మిది లెక్కించుసరికి టన్నీ లేచెను; నిజముగ పదునాలుగు సెకండ్లు కాబోలునని అందురు. లేచి, నిలిచి, మరల టన్నీయే గెలిచెను. ఆ సెకండ్లను గూర్చి జనులు దశాబ్దములు వాదించిరి. డెంప్సీ మాత్రము ఓటమిని హుందాగ నంగీకరించెను. గెలిచిన నాళ్లకంటె ఓడిన తరువాతనే ప్రజలు అతనిని ఎక్కువ ప్రేమించిరి.

ఇరువురును పిమ్మట స్నేహితులైరి. డెంప్సీ న్యూయార్కులో ఒక భోజనశాల తెరచి, 1974లో అది మూతపడువరకు వచ్చినవారిని తానే పలుకరించుచుండెను. 1978లో టన్నీ మరణించెను. డెంప్సీ 1983 మే 31న, 87 ఏండ్ల వయస్సున, న్యూయార్కులో కన్నుమూసెను.