జన్యుశాస్త్రవేత్త హాల్డేన్

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేల నడుమ, మిరపతోటల నడుమ నున్న గ్రామములలో మేనరికము తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పొలము చీలిపోదు, ఆడపిల్ల అయినవారి యింటనే యుండును. కాని అట్టి యింట రోగముతో శిశువు జన్మించినచో నింద తరచుగా తల్లి నుదుటి వ్రాతపైననే పడుచుండును. ఆ నింద నిరాధారమని తేల్చిన శాస్త్రమునకు గణితపు పునాది వేసినవారిలో జె.బి.యస్. హాల్డేన్ ముఖ్యుడు.

ఆయన 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో జన్మించెను. తండ్రి శ్వాసక్రియను పరిశోధించిన శాస్త్రజ్ఞుడు. విషవాయువులను తామే పీల్చి పరీక్షించుట ఆ తండ్రీకొడుకుల అలవాటు. హాల్డేన్ కళాశాలలో చదివినది గణితము, గ్రీకు లాటిను వాఙ్మయము, తత్త్వశాస్త్రము. విజ్ఞానశాస్త్రమున ఆయనకు పట్టమే లేదు. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడి, కోలుకొనుటకై భారతదేశమునకు వచ్చెను.

అనంతరము కేంబ్రిడ్జిలోను, లండనులోను ఆచార్యకత్వము వహించెను. గాయమైనచో రక్తము గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధి నాధారముగా గొని, మానవ జన్యువున మార్పు తరమునకు ఇంచుమించు 50,000లో ఒకటిగా కలుగునని 1935లో లెక్కగట్టెను. 1937లో జూలియా బెల్‌తో కలిసి, ఆ వ్యాధి జన్యువును, వర్ణాంధత్వపు జన్యువును ఒకే క్రోమోజోముపై చేరువగా నున్నవని చూపెను. మానవ జన్యుపటమున అది తొలి గీతలలో నొకటి. 2003లో ముగిసిన మానవ జన్యుక్రమ పరిశోధన ఆ పటమును విస్తృతముగా నింపినది.

ఒకే దుమ్ము పీల్చు కుమ్మరులలో కొందరికే శ్వాసరోగము వచ్చుటకు వారి పుట్టుక స్వభావము కారణమై యుండవచ్చునని 1938లో ఆయన సూచించెను. జన్యుపరీక్ష ననుసరించి కొన్ని మందులకు మోతాదు నిర్ణయించు నేటి వైద్యము ఆ త్రోవలోనిదే.

1957లో హాల్డేన్ కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చి, ఈ దేశమునే స్వదేశముగా స్వీకరించెను. పిఠాపురమునకు చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యుడై, ఆంధ్రదేశమున రక్తసంబంధ వివాహములను పరిశీలించెను. ఒకే పూర్వికుని జన్యువు తల్లి వైపునుండియు, తండ్రి వైపునుండియు బిడ్డకు చేరు అవకాశము, మేనమామను పెండ్లాడినచో 8లో 1. మేనత్త, మేనమామ బిడ్డలు పెండ్లాడినచో 16లో 1. తలసీమియా వంటి వ్యాధి ఇరువైపుల నుండి లోపము వచ్చినగాని కలుగదు. అందు తల్లి వంతెంతయో తండ్రి వంతును అంతయే.

నేడు హైదరాబాదులోని డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రమున వంశపారంపర్య వ్యాధుల పరీక్షలు జరుగుచున్నవి. పెండ్లికి ముందే రక్తపరీక్ష చేయించుకొన్న వధూవరులకు తమ బిడ్డల విషయమున రాగల ప్రమాదము తెలియును. తలసీమియాకు జన్యుసవరణ చికిత్సను బ్రిటను 2023లో అనుమతించినది.

హాల్డేన్ 1962లో భువనేశ్వరమునకు చేరి, అచట జన్యుశాస్త్ర ప్రయోగశాలను నడపెను. 1964 డిసెంబరు 1న క్యాన్సరుతో మరణించెను. ఆయన కోరిక మేరకు భౌతికకాయమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాల కప్పగించిరి. చిన్ననాడు తండ్రి ప్రయోగములకు లోనైన ఆ దేహము చివరకు తెలుగు విద్యార్థులకు పాఠమైనది.