దంతవైద్యవిద్యకు ఆద్యులు డాక్టరు రఫీయుద్దీన్ అహ్మదుగారు

పంటినొప్పి ఎట్టిదో ఎఱుగనివారు మనలో అరుదు. అయినను ఆ నొప్పిని మాన్పుటకు శాస్త్రము చదివిన వైద్యుడు వేఱుగా ఉండవలెనన్న తలంపు మన దేశమున బహుకాలమునుండి ఉన్నది కాదు. వేపపుల్ల, లవంగతైలము, ఉప్పునీరు, ఇవియే మన పెద్దలెఱిగిన చికిత్సలు. అవి పనిచేయనిచో సంతలో పట్టుకారు పట్టుకొని కూర్చుండువాడే దిక్కు. వానిని నిందించి ఫలము లేదు. వానికి నేర్పుటకు బడి లేదు. ఆ బడిని పెట్టినవారు అహ్మదుగారు.

వారు 1890వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన తూర్పు బెంగాలులోని ఢాకా ప్రాంతమున, బర్ధన్‌పాడా అను పల్లెలో జన్మించిరి. అలీగఢ్‌లో చదువు ముగించి 1909లో అమెరికాకు వెళ్లిరి. ఆ రోజులలో సముద్రము దాటి చదువబోవువారిలో పెక్కురు న్యాయశాస్త్రమునకో, సివిలు సర్వీసు పరీక్షకో ఇంగ్లండు పోవుచుండిరి. అమెరికాకు పోయి పండ్లవైద్యము చదువుట వింతగనే తోచియుండును. అయోవా విశ్వవిద్యాలయమున 1915లో దంతవైద్య పట్టమును పొంది, బోస్టను నగరములో బీదపిల్లల పండ్లకు చికిత్స చేయుటకై నెలకొల్పిన ఫోర్సైతు వైద్యశాలలో 1918 వఱకు పనిచేసిరి. పేదవాని బిడ్డకును శాస్త్రీయమైన దంతవైద్యము అందవచ్చునని వారు కన్నులార చూచినది అచ్చటనే.

1919లో కలకత్తాకు తిరిగివచ్చి వైద్యవృత్తి నారంభించిరి. అంతతో తృప్తిపడినయెడల ధనికుల పండ్లను బాగుచేయుచు సుఖముగ కాలము గడపియుండవచ్చును. కాని మరుసటి సంవత్సరమే, 1920లో, కలకత్తా దంతవైద్య కళాశాలను స్థాపించిరి. భారతదేశమున అదియే మొదటి దంతవైద్య కళాశాల. దానిని నడపుటకు ధనమెట్లు? ఇందులకు వారు తొక్కిన త్రోవ విచిత్రమైనది. న్యూయార్కు సోడా ఫౌంటెన్ అను పేర పానీయముల దుకాణమొకటి పెట్టి, దానిపై వచ్చిన రాబడిని కళాశాలకు వెచ్చించిరి. తీయని పానీయములమ్మి పండ్లవైద్యము నేర్పుట చూచి నవ్వువారు నవ్వవచ్చును. ఒకరి ముందు చేయి చాపక విద్యాలయమును నిలబెట్టుటకు అంగడి పెట్టిన విద్యావంతులు మాత్రము ఎందఱున్నారు?

మొదట విద్యార్థుల సంఖ్య బహు స్వల్పము. క్రమముగ పాఠ్యకాలమును పెంచి నాలుగేండ్ల చదువుగ తీర్చిరి. స్త్రీలకును ప్రవేశము కలదు. మహమ్మదాలీ జిన్నాగారి సోదరియై, 1923లో బొంబాయిలో దంతవైద్యశాల తెరచిన ఫాతిమా జిన్నా ఈ కళాశాలలోనే చదివిరి. 1925లో అహ్మదుగారు దంతవైద్య పత్రిక నొకదానిని ప్రారంభించిరి. ఆ ఏడే బెంగాలు దంతవైద్యుల సంఘమును నెలకొల్పిరి. 1928లో విద్యార్థులకై కరదీపికను రచించి ప్రకటించిరి. వైద్యుడు చేతిపనితో ఆగిపోక గ్రంథమును, పత్రికను చేపట్టుట గ్రంథాలయాభిమానులకు ముచ్చట గొలుపు విషయము.

బడి పెట్టినంత మాత్రమున కార్యము నెఱవేఱలేదు. చదివినవాడును, చదువనివాడును ఒకే వీథిలో ఒకే విధమైన పలక తగిలించుకొన్నచో, నొప్పితో వచ్చిన పల్లెటూరివాడు ఎవరిని నమ్మవలెను? దీనికి శాసనమే మందు. అహ్మదుగారు ప్రజాజీవితమున అడుగిడుటకు కారణము ఇదియేయని నా తలంపు. 1932 మొదలు 1936 వఱకు కలకత్తా నగరపాలక సంస్థలో సభ్యులుగను, 1942 మొదలు 1944 వఱకు ఆల్డర్మనుగను పనిచేసిరి. వారి కృషిఫలముగ 1939లో బెంగాలు దంతవైద్యుల శాసనము వెలువడెను. దేశమంతటికిని వర్తించు శాసనము 1948లో వచ్చెను. పట్టము లేకున్నను అయిదేండ్లకు తక్కువ గాకుండ ఈ వృత్తినే జీవనాధారముగ చేసికొన్నవారి పేర్లు ప్రత్యేక భాగమున నమోదు చేయుటకు ఇందు వీలు కల్పించిరి. ముందుతరము పొట్టకొట్టక, రాబోవుతరమునకు కట్టుబాటు విధించిన ఈ పద్ధతి న్యాయమైనది.

1949లో తాము ముప్పదియేండ్లు పెంచిన కళాశాలను ప్రభుత్వమునకు అప్పగించిరి. సొంత సంస్థను బిడ్డలకు ఆస్తిగ విడుచువారిని చూచుచున్న మనకు ఇది చిన్న త్యాగముగ తోచదు. అప్పటికి దేశవిభజన జరిగి వారు పుట్టిన పల్లె పాకిస్థానులో చేరిపోయెను. వారు మాత్రము కలకత్తాను వీడలేదు. 1950లో డాక్టరు బిధాన్ చంద్ర రాయ్‌గారి మంత్రివర్గమున చేరి 1962 వఱకు పశ్చిమ బెంగాలు మంత్రిగ నుండిరి. వ్యవసాయము, సహకారము, సమాజ వికాసము, సహాయ పునరావాసములు వారు చూచిన శాఖలు. తూర్పు బెంగాలునుండి ఇల్లువాకిళ్లు విడిచి వేలాదిగ జనులు తరలివచ్చుచున్న కాలమది. వారి పునరావాసపు భారమును ఆ తూర్పు బెంగాలుననే పుట్టిన ముస్లిము మంత్రి మోయుట సామాన్యమైన సంగతి కాదు.

1964లో భారత ప్రభుత్వము వారికి పద్మభూషణ బిరుదము నొసంగెను. 1965 ఫిబ్రవరి 9వ తేదీన వారు పరమపదించిరి. కలకత్తా కళాశాలకు ఇప్పుడు వారి పేరే ఉన్నది. వారి జన్మదినమును దేశమున దంతవైద్యుల దినముగ జరుపుచున్నారు. మన హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల వెలసినది 1959లో, అనగా కలకత్తాలో వారు బడి తెరచిన ముప్పదితొమ్మిదేండ్లకు.