రమణుల్ని మొదట మహర్షి అని పిలిచింది మన తెలుగువాడే!

ఓం నమో భగవతే శ్రీ రమణాయ.

అరుణాచలం వీడియోలో సమయం చాలక వదిలేసిన విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నాను. స్వామి, ముని, ఋషి, మహర్షి... ఈ మాటలన్నీ మనం ఒకే అర్థంలో వాడేస్తుంటాం. ఎవరైనా పలక్కుండా కూర్చుంటే మునిలా కూర్చున్నావేంటి అంటాం. కోపం రాని మనిషిని ఋషి అనేస్తాం. వీటి మధ్య తేడా ఏంటో నాకు రమణ మహర్షి జీవితం చదివాకే కొంచెం అర్థమైంది.

ఆయన 1879 డిసెంబర్ 30న తమిళనాడులోని తిరుచ్చుళిలో పుట్టారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వెంకటరామన్. నాన్నగారు 1892లో పోయారు. మధురైలో బాబాయి ఇంట్లో ఉండి చదువుకునేవారు. 1896లో, పదహారేళ్ళ వయసులో, ఒంట్లో ఏ జబ్బూ లేకుండానే ఒకరోజు చచ్చిపోతున్నానన్న భయం పట్టుకుంది. ఎవరినీ పిలవలేదు. శవంలా బిగుసుకుని పడుకుని, ఈ శరీరం పోతే నేను కూడా పోతానా అని లోపలికి చూసుకున్నారు. శరీరం పోయినా పోనిది ఒకటి ఉందని తెలిసింది. భయం పోయింది, మళ్ళీ రాలేదు. కొన్ని వారాలకే ఇల్లు వదిలి, సెప్టెంబర్ 1న తిరువణ్ణామలై చేరుకున్నారు.

అక్కడ మిగిలిన డబ్బులు పారేసి, గుండు చేయించుకుని, గోచీతో గుళ్ళో కూర్చుండిపోయారు. పిల్లలు రాళ్ళు విసురుతుంటే పాతాళ లింగం ఉన్న చీకటి గదిలోకి వెళ్ళారు. పురుగులు తొడలు కొరికేసినా కదల్లేదు. ఆ కుర్రాడి పేరేంటో ఊళ్ళో వాళ్ళకు తెలీదు. అందుకే బ్రాహ్మణ స్వామి అన్నారు. స్వామి చాలా పెద్ద మాట, చాలా మామూలు మాట కూడా. గుళ్ళో దేవుడూ స్వామే, మాల వేసుకున్న మన పక్కింటి అబ్బాయీ స్వామే.

ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదు కాబట్టి మౌనవ్రతం అనుకున్నారు జనం. వ్రతమేమీ పట్టలేదు, మాట్లాడాలనిపించలేదంతే. మనకు మౌనం అంటే నోరు మూసుకోవడం. కానీ మౌనం అనే మాట ముని నుంచి పుట్టింది. ముని అంటే మననం చేసేవాడు, ఆయన ఉండే తీరే మౌనం. నోరు మూసుకుని లోపల వంద గొడవలు నడుపుతుంటే అది మౌనం కాదన్నమాట.

1898లో అమ్మ అళగమ్మ వెతుక్కుంటూ వచ్చి, ఇంటికి రమ్మని రోజుల తరబడి ఏడ్చారు. ఆయన పలకలేదు. చివరికి, ఎవరి ప్రారబ్ధం ప్రకారం జరగాల్సింది జరుగుతుందన్న భావంతో ఓ కాగితం మీద రాసిచ్చారు. ఆమె ఒట్టి చేతులతో వెళ్ళిపోయారు. ఉద్యోగం కోసం ఇంటికి దూరంగా ఉంటూ, అమ్మ ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానని పెట్టేసే నాలాంటి వాడికి ఈ ఘట్టం గుచ్చుకుంటుంది. జ్ఞాని అంటే ఇంతేనా, అమ్మ కన్నీళ్ళు కూడా పట్టవా అని నాకూ అనిపించింది.

ఇక మన తెలుగువాడి దగ్గరికి వద్దాం. బొబ్బిలి దగ్గర కలవరాయిలో పుట్టిన గణపతి శాస్త్రిగారు 1900లో నవద్వీపంలో పండితుల సభలో కావ్యకంఠ బిరుదు పొందారు. ఏళ్ళ తరబడి మంత్రజపం చేసినా, అసలు తపస్సంటే ఏంటో తెలియలేదన్న బాధ ఆయన్ని వదల్లేదు. 1907 నవంబర్ 18న మండుటెండలో విరూపాక్ష గుహకు ఎక్కి, ఆ స్వామి పాదాల మీద పడి అదే అడిగారు. పండితుడికి 29 ఏళ్ళు, స్వామికి 27. దాదాపు నా వయసే! స్వామి కాసేపు చూస్తూ ఊరుకుని, తర్వాత చెప్పిన సారం ఇది: నేను అనే తలపు ఎక్కడ పుడుతోందో, మంత్ర శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో గమనిస్తే మనసు అక్కడే లయమవుతుంది, అదే తపస్సు.

అంత పండితుడూ తాను వెతికింది దొరికిందని పొంగిపోయారు. వెంకటరామన్‌లోంచి రమణ తీసి, భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టారు. మన సంప్రదాయంలో ఋషి అంటే మంత్రాన్ని చూసినవాడు, ద్రష్ట. పదహారేళ్ళప్పుడు మధురైలో చావును ఎదురుగా చూసిన ఆయనకు ఇంతకంటే సరిపోయే మాట లేదనిపిస్తుంది నాకు. ఆ గణపతి మునిని ఆశ్రమంలో అందరూ మన తెలుగు మాటతోనే, నాయన అని పిలిచేవారు.

మరి అమ్మ సంగతి? 1916లో ఆమె కొడుకు దగ్గరకే వచ్చేశారు. 1922 మే 19న, ఆఖరి రోజంతా ఆయన పక్కనే కూర్చుని, ఒక చెయ్యి గుండె మీద, ఒక చెయ్యి తల మీద ఉంచి, ప్రాణం పోయేదాకా కదల్లేదు. ఆమె సమాధి చుట్టూనే నేటి రమణాశ్రమం పెరిగింది. నా ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది.

మహర్షి అయ్యాక కూడా ఆయన తెల్లవారుజామునే వంటింట్లో కూరగాయలు తరిగేవారు. 1924లో దొంగలు తొడ మీద కొడితే, తిరిగి కొట్టబోయిన భక్తుల్ని ఆపారు. ఎడమ చేతికి పుండు వచ్చి నాలుగుసార్లు ఆపరేషన్ అయినా, చివరిదాకా దర్శనం ఆపనివ్వలేదు. 1950 ఏప్రిల్ 14 రాత్రి 8:47కి శరీరం వదిలారు.

ఈసారి ఎవరినైనా మునిలా ఉన్నావంటే, ఈ కథ ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఈ రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు, నేను అనే తలపు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. అంతకంటే ముందు అమ్మకు ఫోన్ చేయండి. నేనూ చేస్తున్నాను.

శుభం. అరుణాచలేశ్వరుడి దయ మనందరి మీద ఉండాలి.