నటనకు దారి చూపిన బళ్ళారి రాఘవ

ప్రత్తిపాడు: పద్యం తీసిన రాగాన్ని బట్టే నటుణ్ణి మెచ్చుకునే రోజుల్లో, రాగం కన్నా భావం ముఖ్యమని చాటిన మహానటుడు బళ్ళారి రాఘవ. 1880లో తాడిపత్రిలో జన్మించారు. అసలు పేరు రాఘవాచార్యులు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనను రంగస్థలానికి పరిచయం చేశారు. బళ్ళారిలో న్యాయవాదిగా పేరు పొందినా నాటకాన్ని విడువలేదు.

తనలా నటించమని చెప్పడం కాదు, పాత్ర మనసు తెలుసుకొనేలా నటుణ్ణి నడిపించడమే ఆయన బాట. మనసు పట్టుబడితే మాట, చూపు వాటంతట అవే వస్తాయని నమ్మారు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టారు. విమర్శలు వచ్చినా వెనుదీయక కొప్పరపు సరోజిని, కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారిని ప్రోత్సహించారు. ఏలూరు న్యాయవాది బందా కనకలింగేశ్వరరావు ఆయన శిష్యులే.

రాఘవ 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. పల్లెల్లో పిల్లలకు నాటకం నేర్పే వారికి ఆయన బాట నేటికీ అనుసరణీయం.