ఇల్లే నాటక సమాజం: సురభి వనారస గోవిందరావు గారు

సినిమా, టీవీ రాకముందు మన పెద్దలు తెల్లవార్లూ మేలుకొని చూసింది నాటకం. ఆ నాటకాన్ని భుజాన వేసుకొని ఊరూరా తిరిగిన కుటుంబం ఒకటుంది. దాని పెద్ద వనారస గోవిందరావు గారు.

వీరి పూర్వీకులు మహారాష్ట్ర నుండి వలస వచ్చిన ఆరె వారు. కులవృత్తి తోలుబొమ్మలాట. పాట, పద్యం, వాయిద్యం ఇంట్లోనే నేర్చుకునేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా, బొమ్మలకు బదులు తామే వేషాలు కట్టి ‘కీచకవధ’ ఆడారు. జనం మెచ్చారు. గోవిందరావు గారు దాన్నే బతుకుదెరువు చేసుకున్నారు. ఊరి పేరే సమాజానికి పేరయింది.

ఆ రోజుల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. రంగస్థలమెక్కిన స్త్రీని లోకం చిన్నచూపు చూసేది. గోవిందరావు గారు తమ ఇంటి ఆడవాళ్లనే నటీమణులను చేశారు. కుటుంబమంతా ఒకే డేరాలో ఉండేది కాబట్టి అది సాధ్యమైంది. ఒకరు హార్మోనియం వాయిస్తే, ఒకరు తబలా, ఇంకొకరు తెరలు లాగేవారు. ‘మాయాబజార్’లో మాయలన్నీ తీగలతో, తెరలతో చేసినవే. నిన్నటి బాలకృష్ణుడు పెద్దయ్యాక అర్జునుడయ్యేవాడు.

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పాటుకు ఆయనే పూనుకున్నారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి పాత్ర వేసింది ఆ కుటుంబంలోని కమలాబాయి గారే. కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు వేరుపడి, ఒక దశలో సురభి సమాజాలు 36 అయ్యాయి.

తర్వాత సినిమా హాళ్లు వచ్చాయి, డేరాలు ఖాళీ అయ్యాయి. ఊరు మారినప్పుడల్లా పిల్లల చదువు దెబ్బతినేది. చాలా సమాజాలు మూతపడ్డాయి. అయినా ఆ విద్య అంతరించలేదు. 2013లో ‘సురభి బాబ్జీ’ రేకందార్ నాగేశ్వరరావు గారికి పద్మశ్రీ వచ్చింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మీలో చాలామందిదీ ఇదే కథ. మన నడిగూడెం చుట్టుపక్కల ఊళ్లలో, మన ఇళ్లలోనే, డప్పు కొట్టేవారు, పాట కట్టేవారు ఉన్నారు. వారి పేరు చెప్పుకోవడానికి సిగ్గెందుకు? బొమ్మలాడించే ఇంటి నుండి వచ్చిన గోవిందరావు గారు తన ఇంటి విద్యను దాచుకోలేదు, దాన్నే పెంచారు. మనం చదువుకుందాం. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు, అమ్మమ్మ పాడే పాటలను ఒక నోటు పుస్తకంలో రాసుకుందాం.