వలస కూలీల పాటగాడు వుడీ గత్రీ

అమెరికాలో వలస కూలీల కష్టాన్ని పాటగా కట్టినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు వుడీ గత్రీ. 1912లో ఓక్లహామా రాష్ట్రంలోని ఒకీమాలో పుట్టాడు. 1930ల్లో కరువు, దుమ్ము తుపాన్లు తట్టుకోలేక అక్కడి రైతులు కాలిఫోర్నియా బాట పట్టారు. మన పాలమూరు వలసల్లాగే అనుకోండి. బతుకుతెరువు కోసం వుడీ కూడా ఆ దారే పట్టాడు. 1948 జనవరిలో కాలిఫోర్నియాలోని లాస్ గాటోస్ లోయలో ఒక విమానం కూలింది. స్వదేశానికి తిప్పి పంపేస్తున్న 28 మంది మెక్సికో పొలం కూలీలు అందులో చనిపోయారు. వార్తల్లో వాళ్ల పేర్లు రాలేదని బాధపడి వుడీ పాట రాశాడు. గల్ఫ్ నుంచి శవపెట్టెలు దిగే ఊళ్లవాళ్లకి ఆ బాధేంటో వేరే చెప్పక్కర్లేదు.

ఆయన తల్లి నోరా మతి చెడిందంటూ పిచ్చాసుపత్రిలో ఉండి 1930లోనే పోయింది. వుడీకి నలభై దగ్గర పడేసరికి నడక తూలడం, చేతులు వాటంతట అవే కదలడం, ఊరికే కోపం రావడం మొదలైంది. తాగుడన్నారు, మానసిక జబ్బన్నారు. (మా సైట్లలోనూ ఎవరి చెయ్యి వణికినా ముందు ఆ మాటే అనేస్తారు.) 1952లో గానీ అది హంటింగ్టన్ జబ్బని తేలలేదు. చివరి పదేళ్ల పైగా ఆసుపత్రుల్లోనే గడిచింది. పాటగాడికి మాట కూడా పడిపోయింది. 1967 అక్టోబర్ 3న న్యూయార్క్‌లో 55 ఏళ్లకే కన్నుమూశాడు.

మన నాలుగో క్రోమోజోములో ఒక జన్యువుంది. అందులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క మామూలుగా 26 సార్లకు మించి రాదు. 40 దాటితే జబ్బు ఖాయం. డ్రాయింగు కాపీ తీసేటప్పుడు ఒకే కొలత మళ్లీ మళ్లీ పడిపోతే కట్టడం ఏమవుతుందో, మెదడులో అదే జరుగుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అది బయటపడేసరికి చాలామందికి పెళ్లి, పిల్లలు అయిపోయుంటాయి. వుడీ మొదటి భార్య కూతుళ్లిద్దరూ 41వ ఏట ఈ జబ్బుతోనే పోయారు.

జన్యువుల్లో వచ్చే మార్పులన్నీ ఇలా ముంచేవి కావు. సికిల్ సెల్ మార్పు అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వస్తే మలేరియా ముదరకుండా కాపాడుతుంది. మన ఏజెన్సీ గిరిజనుల్లోనూ ఇది ఉంది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం జబ్బు చేస్తుంది. హంటింగ్టన్‌లో అలాంటి మేలేమీ లేదు, ఒక్కరి నుంచి వచ్చినా చాలు.

వుడీ రెండో భార్య మార్జొరీ విడాకులయ్యాక కూడా ఆయన్ని చూసుకుంది. 1967లోనే ఇలాంటి కుటుంబాల కోసం సంఘం పెట్టి, పరిశోధన చేయించమని పెద్దల చుట్టూ తిరిగింది. 1983 మార్చిలో ఆమె పోయింది. ఆ ఏడాది చివర్లోనే జన్యువు జాడ తెలిసింది. 1993లో జన్యువే దొరికింది. ఇప్పుడు రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. నయం చేసే మందు మాత్రం ఇంకా లేదు. అందుకే ఆ ఇళ్ల పిల్లల్లో చాలామంది పరీక్షకే వెళ్లరు.